జవాబు ఇవ్వని మెసేజ్, 23 కవితలు

మలక్‌పేట నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 39. ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతారు. పోయిన కార్తీకంలో ఆమె తమ్ముడు బైక్ ప్రమాదంలో చనిపోయాడు. అతనికి 34 ఏళ్లు. భార్య, ఆరేళ్ల కొడుకు ఉన్నారు.

అప్పటికి 14 నెలలుగా అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు. ఘట్‌కేసర్ దగ్గర తండ్రి కొన్న 200 గజాల ప్లాటు అమ్మే విషయంలో మాటామాటా పెరిగింది. చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు తమ్ముడి నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది: "అక్కా, అమ్మకు కంటి ఆపరేషన్ డేట్ ఇచ్చిన్రు. నువ్వు కూడా వస్తే బాగుంటది." ఈమె చదివారు. జవాబు ఇవ్వలేదు. రేపిద్దాం, ఎల్లుండి ఇద్దాం అనుకుంటుండగానే ఆ ఫోన్ వచ్చింది.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఫ్రీజర్ బాక్సు, మూడు గంటలు, అంబర్‌పేట శ్మశానవాటిక. అస్థికలు బీచుపల్లి దగ్గర కృష్ణలో కలిపారు. పదకొండో రోజుకు అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత తల్లి ఇంట్లో కొడుకు పేరు ఎత్తనివ్వడం లేదు. అప్పుడు ఆగిపోయిన కంటి ఆపరేషన్ ఇప్పటికీ చేయించుకోలేదు. ఈమె మాత్రం రాత్రిపూట స్మృతి కావ్యాలు చదవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు తమ్ముడి పాత ఇంజినీరింగ్ నోట్‌బుక్కులో ఖాళీగా మిగిలిన పేజీల్లో తానే రాయసాగారు. ఇప్పటికి 23 కవితలయ్యాయి. మొన్నొక రోజు క్లాసులో శ్రీశ్రీ గురించి చెబుతూ, కొంపెల్ల జనార్దనరావు మీద రాసిన కవిత ఎత్తుకున్నారు. 'తలవంచుకు వెళ్లిపోయావా నేస్తం' దగ్గరే గొంతు పూడుకుపోయి బయటికి వచ్చేశారు.

"చదివి చదివి పుండు కెలుక్కుంటున్నావు" అని భర్త అంటున్నారు. తమ్ముడి స్నేహితులేమో సంవత్సరీకానికి ఆ కవితలు పుస్తకంగా వేసి చిన్న సభ పెడదామంటున్నారు. 300 కాపీలకు డబ్బు కూడా పోగు చేశారు. మరదలికి మాత్రం ఈ కవితల సంగతే తెలియదు. వాటిలో ప్లాటు గొడవ ఉంది. ఆ మెసేజ్ కూడా ఉంది.

"మా తమ్ముడి చావును నేను కవిత్వం చేసుకోవడం తప్పా?" అని అడుగుతున్నారు. "చదివిన ప్రతి స్మృతి కావ్యం చివర ఏదో ఒక ఓదార్పు ఉంటోంది. నాకు ఒక్కటీ నిజమనిపించడం లేదు. వాడు నక్షత్రమయ్యాడని రాస్తే అబద్ధమాడినట్టుంది. ఆపేయనా? అచ్చు వేయనా? ఒక్కోసారి ఆ నోట్‌బుక్కు కూడా బీచుపల్లి తీసుకెళ్లి కృష్ణలో వదిలేయాలనిపిస్తుంది." ఉత్తరంతో పాటు మూడు కవితలు పంపారు.

---

అమ్మా,

మీరు పంపిన మూడు కవితలూ నాలుగైదుసార్లు చదివాను. మొదటి రెండింటిలో మీ తమ్ముడు 'దివికేగిన ధ్రువతార', 'ఆరని అఖండ జ్యోతి'. ఆ మాటలు ఎవరి తమ్ముడి మీదైనా రాయొచ్చు. మూడోదాన్ని మాత్రం మీ అనుమతితో ఇక్కడ వేస్తున్నాను.

రెండు నీలి గీతలు,
నేను చదివానని సాక్ష్యం.
నువ్వడిగింది చిన్న మాట,
రావా అక్కా అని.
జవాబు రాసే చోట
వేలు ఇంకా అక్కడే ఉంది.

ఈ ఆరు లైన్లూ మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. మీరు అడిగిన ప్రశ్నలకు సగం జవాబు వీటిలోనే ఉందని నాకనిపిస్తోంది. మిగతా సగం వీటిని ఎవరు చదవబోతున్నారన్న దాంట్లో ఉంది.

చావును కవిత్వం చేసుకోవడం తప్పా అన్నారు. క్రౌంచ పక్షుల జంటలో ఒకదాన్ని బోయవాడు కొడితే వాల్మీకి శోకం శ్లోకమైందని మీరు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! మన దగ్గర కవిత్వం పుట్టిందే అక్కడ. అయితే మీకు వాల్మీకి కంటే భవభూతి మాట ఎక్కువ పనికొస్తుంది. ఆయన సంస్కృత నాటకం ఉత్తరరామచరితం మూడో అంకంలో రాముడు సీత కోసం కుమిలిపోతుంటాడు. సీత అక్కడే, అతనికి కనిపించకుండా నిలబడి ఉంటుంది. అక్కడ భవభూతి అంటాడు: 'పూరోత్పీడే తటాకస్య పరీవాహః ప్రతిక్రియా'. చెరువు నిండి ఒత్తిడి పెరిగినప్పుడు అలుగు పారడమే దానికి ఉపాయం, అలాగే శోకంతో కలత పడ్డ గుండె నిలబడేది ఏడుపు వల్లే అని.

చెరువులు కట్టిన నేల మనది. అలుగు కట్టకు పడ్డ బొక్క కాదని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. కట్ట కట్టే రోజే, ఎంత ఎత్తుకు నీళ్లొస్తే పారాలో చూసి అలుగు పెడతారు. అలుగు మూసేస్తే చెరువు ఇంకా నిండదు, కట్ట తెగుతుంది. మీ 23 కవితలు అలుగు నీళ్లే అనుకోండి. అవి పారినందుకు మీరు తమ్ముడికి ఏ ద్రోహమూ చేయలేదు.

మీకు ఇంకో అనుమానం కూడా ఉంది. మీరు సూటిగా అడగలేదు గానీ ఉత్తరంలో ప్రతి పేజీలోనూ కనపడుతోంది. పోయినవాడి మీద రాసిన దాంట్లో గొడవ ఉండొచ్చా? స్మృతి కావ్యమంటే గుణగానమే కదా?

నా చిన్నప్పుడు మా మేనమామ పోయాడు. మా పెద్దమ్మ, అంటే ఆయన చెల్లెలు, శవం కాళ్ల దగ్గర కూర్చుని శోకం తీసింది. ముందు ఆయన మంచితనమంతా చెప్పింది. జాతరకు భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లింది, జ్వరమొస్తే మూడు మైళ్లు నడిచి మందు తెచ్చింది, అన్నీ. తర్వాత అదే రాగంలో, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, "నా గాజులు కుదువ వెడితివి, ఇడిపియ్యకనే వోతివా అన్నా, నేనెవల్నడగాలె అన్నా" అంది. వాకిట్లో ఊరంతా ఉంది. మా అత్త అక్కడే ఉంది. ఎవరూ తప్పుపట్టలేదు. ఇద్దరు ముసలమ్మలు వచ్చి ఆమె వీపు నిమిరారు. కాసేపటికి పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, పిల్లలకు ఎవరైనా అన్నం పెట్టారా అని అడిగింది.

గాజుల సంగతి లోపల దాచుకుని వట్టి పొగడ్తలే పాడి ఉంటే ఆమె అంత తేలిగ్గా లేచి ఉండేది కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను. శోకంలో ప్రేమ, ఫిర్యాదు ఒకే ఊపిరిలో వస్తాయి. చచ్చినవాడితో ఇక తగువు తీరదు కాబట్టి అది రాగమవుతుంది. మీ ఇంట్లో ఆ రోజు అలాంటి చోటు ఎవరికీ దొరకలేదు. సెల్లార్‌లో, పార్కింగ్ పక్కన, మూడు గంటల్లో, ఎవరు శోకం తీస్తారు? మీ అమ్మగారు ఇప్పుడు పేరు ఎత్తనివ్వకపోవడం, మీరు అర్ధరాత్రి రాసుకోవడం, రెండూ ఆ మూడు గంటల బాకీ తీరకనే అనుకుంటున్నాను.

పుస్తకాల్లో కూడా అంతే. మన్ననగా పొగిడే కావ్యాలు చాలా ఉన్నాయి. వాటిలో చాలావరకు ఎవరికీ గుర్తు లేవు. నిలబడినవాటిలో ఎక్కడో ఒకచోట కవి తన తప్పు తాను ఒప్పుకుంటాడు. 1935లో హిందీ కవి నిరాలా, పంతొమ్మిదో ఏట అడుగుపెట్టిందో లేదో పోయిన కూతురి మీద 'సరోజ్ స్మృతి' రాశారు. అందులో ఆయన తనను తాను నిరర్థకమైన తండ్రినని అనుకుంటారు, నీ కోసం ఏమీ చేయలేకపోయానంటారు. డబ్బు లేకపోవడం, సంపాదించే దారి తెలిసీ పట్టుకోలేకపోవడం, అన్నీ ఆ కూతురి ముందే పెడతారు. చివర్లో స్వర్గమూ లేదు, నక్షత్రమూ లేదు. నేను చేసిన కర్మలన్నీ అర్పించి నీకు తర్పణం వదులుతున్నానంటారు. తెలుగు టీచరు కాబట్టి ఆ తర్పణం అన్న మాట బరువు మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లిష్ కవి థామస్ హార్డీ కథ మీకు ఇంకా దగ్గర. ఆయన, భార్య ఎమ్మా ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా బతికారు. 1912 నవంబర్‌లో ఆమె పోయింది. ఆ తర్వాత ఆయనకు మాటలు వచ్చాయి. మరుసటి మార్చిలో, వాళ్లు మొదటిసారి కలుసుకున్న కార్న్‌వాల్ సముద్రపు ఒడ్డుకు వెళ్లి తిరిగారు. రాసిన కవితల్లో ఆమెను దేవతను చేయలేదు. చెప్పకుండా వెళ్లిపోయావేమని అడుగుతారు. మనం ఆ పాత రోజుల గురించి ఎందుకు మాట్లాడుకోలేదని అడుగుతారు. ఆయన రాసిన వేల లైన్లలో చాలామంది తలుచుకునేది ఆ కొద్ది కవితల్నే. హార్డీ సంగతి మళ్లీ ఎత్తుతాను, ఇంకో కారణంతో.

ఓదార్పు గురించి అడిగారు. చదివిన ప్రతిదాని చివరా దొరుకుతోంది, నాకు మాత్రం దొరకడం లేదు అని. ఇక్కడ మీరు ఒకటి గమనించాలి. మీరు చివరి పేజీ చూస్తున్నారు, ఆ పేజీకి రావడానికి ఎంతకాలం పట్టిందో చూడడం లేదు. ఇంగ్లిష్ కవి టెన్నిసన్ స్నేహితుడు హాలం 1833లో 22 ఏళ్లకే పోయాడు. అతని మీద రాసిన 'ఇన్ మెమోరియమ్' అచ్చయింది 1850లో. 17 ఏళ్లు. అందులో మూడు క్రిస్మస్‌లు వస్తాయి. మొదటిది ఏడుస్తూ గడుస్తుంది. రెండోదానికి కన్నీళ్లు తగ్గి, అలా తగ్గినందుకు కవికి బాధ వేస్తుంది. మూడోదానికి ఇల్లే మారిపోతుంది. మన లెక్కలో చెప్పాలంటే మీరింకా మొదటి దసరా కూడా దాటలేదు. ఈ ఏడాది మీ ఇంట్లో బతుకమ్మ పేర్చరు. పెత్తరమాస రోజు పొద్దుగూకాక కింద కాలనీలో ఎంగిలిపూల బతుకమ్మ పాట వినపడుతుంది. ఆ సాయంత్రం కష్టంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. అలాంటి సాయంత్రం ముందుండగా ఓదార్పు ఇప్పుడే దొరకాలని పట్టుబట్టకండి.

పైగా ఓదార్పు ఒకే రకం కాదు. కీర్తి అనే శరీరానికి ముసలితనం, చావు భయం లేవని భర్తృహరి అన్నాడు. అది మహాకవులకు సరిపోతుంది. ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేసుకునే కుర్రాడికి సరిపోదు, మీకు అబద్ధంగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. శ్రీశ్రీ కొంపెల్లకు స్వర్గం ఇవ్వలేదు. 1937లో పేదరికంలో, జబ్బుతో పోయిన స్నేహితుడు. 'ఉదయిని' పత్రిక నడిపి అలసిపోయిన మనిషి. అతను ఓడిపోయాడని ఒప్పుకుంటూనే కవిత మొదలవుతుంది. అతను వదిలిన పని మేం చేస్తాం అనే దాకా వెళ్తుంది. 13 ఏళ్ల తర్వాత 1950లో 'మహాప్రస్థానం' అచ్చయినప్పుడు పుస్తకమే అతనికి అంకితమైంది. అక్కడ ఓదార్పంటే చేతికి పని దొరకడం. మీరు క్లాసులో మొదటి లైను దగ్గరే ఆగిపోయారు. ఇంట్లో ఒకసారి చివరి దాకా గట్టిగా చదవండి.

జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా తీయండి. 'ఇచ్చోటనే' అంటూ ఆయన చూపించేవి ఏమిటి? కవి కలం. రాజుగారి ముద్రిక. లేత ఇల్లాలి నల్లపూసలు. చిత్రకారుడి కుంచె. చావు గురించి పెద్ద మాట చెప్పబోయే ముందు ఆయన చేతిలో పట్టుకోగల వస్తువులు వరసగా పెట్టారు. అందుకే హరిశ్చంద్ర నాటకంలో ఆ పద్యాలు ఎత్తుకుంటే చదువు రానివాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. మీ నీలి గీతలు ఆ వరసలో చేరతాయి. ధ్రువతార చేరదు. మిగతా 20 కవితలు నేను చూడలేదు. వాటిని మీరే ఈ కంటితో ఒకసారి చూసుకోండి. తమ్ముడి చెప్పు, బండి తాళం, వాడు అమ్మను పిలిచే తీరు, ఇలాంటివి ఉన్న కవితలు ఎన్ని? అవే మీకు లోపలి నుంచి వచ్చినవి.

ఇక మీవారి మాట. ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఆయనకు కనపడేది రాత్రి ఒంటిగంటకు లైటు, పొద్దున ఉబ్బిన కళ్లు. పుండు కెలుక్కుంటున్నావని అన్నది కవిత్వం మీద తీర్పు కాదు, భయం. ఆ భయంలో కొంత నిజముంది. అలుగు పారుతున్నంతసేపు నీళ్లు ముందుకు వెళ్తుంటాయి. అదే నీళ్లు ఒకేచోట సుడి తిరుగుతుంటే అది వేరు. రాశాక మీకెలా ఉంటోంది? కాస్త నిద్ర పడుతోందా, ఇంకా పోతోందా? కొత్త కవిత వస్తోందా, అదే కవితను పదోసారి రాస్తున్నారా? రెండోదే అయితే రాత్రి రాయడం మానేసి పగటికి మార్చండి. కాలేజీ నుంచి వచ్చాక, టీ తాగి, అరగంట చాలు. నిద్ర, తిండి, ఉద్యోగం దెబ్బతింటున్నా, నేనూ పోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా కవిత్వం మీద భారం వేయకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం, కవిత రాయడం ఒకదానికొకటి అడ్డం కావు.

ఇంకోటి. మీరు అన్నీ ఒంటరిగా చదువుతున్నారు, ఒంటరిగా రాస్తున్నారు. స్మృతి కవిత్వం చాలాకాలం నలుగురిలో పాడుకున్నదే. మీరుండేది మలక్‌పేట. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా సాగే బీబీకా ఆలం ఊరేగింపు చూసే ఉంటారు. కర్బలా జరిగింది క్రీస్తుశకం 680లో. ఆ శోకగీతాలు, మర్సియాలు, ఈ ఊరు కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కూడా దక్కనీలో రాశాడు. ఊళ్లలో పీర్ల పండుగకు హిందువులూ 'అసోయ్ దూలా' అంటూ గుండం చుట్టూ తిరుగుతారు. 1300 ఏళ్లు దాటినా ఆ దుఃఖం అయిపోయిందని ఎవరూ అనలేదు. ఏడాదికొకసారి దానికో రోజు ఇచ్చారు, దాన్ని మోయడానికి పక్కన మనుషుల్ని పెట్టారు.

మీ ఇంటికి దగ్గర్లోనే పారే మూసీకి 1908 సెప్టెంబర్ 28న వరద వచ్చింది. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ నీళ్లలోనే పోగొట్టుకుని తాను బతికి బయటపడ్డారు. ఆ రాత్రి గురించి కవిత రాశారు. ఆ తర్వాత అర్ధశతాబ్దం పైగా ఈ ఊళ్లోనే ఉండి, రుబాయీలు రాసి, 1961లో వెళ్లిపోయారు. అన్నేళ్లూ ఆ నది పక్కనే ఉన్నారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది, ధైర్యం కూడా వస్తుంది.

అచ్చు విషయానికి వద్దాం. నేను ఎక్కువగా ఆలోచించింది దీని గురించే.

హార్డీ సంగతి మళ్లీ ఎత్తుతానన్నాను కదా. 1914 ఫిబ్రవరిలో ఆయన ఫ్లోరెన్స్‌ను పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది నవంబర్‌లో ఎమ్మా మీద కవితలున్న పుస్తకం అచ్చయింది. కొత్తగా కాపురానికొచ్చిన ఆ ఇల్లాలు, భర్త ఇంకొక ఆవిడ కోసం ఎంత తపిస్తున్నాడో లోకంతో పాటు చదువుకోవాల్సి వచ్చింది. ఆమె బాగా నొచ్చుకుంది. కవితలు గొప్పవి. ఆమె నొప్పి కూడా నిజం. ఒకటి ఉందని రెండోది లేకుండా పోదు.

మీ కవితలు మీవి. తమ్ముడు మాత్రం మీ ఒక్కరి మనిషి కాదు. ఆ ప్లాటు గొడవలో మీ మరదలు కూడా ఉంది. అమ్మమని భర్తకు చెప్పిందో, వద్దని చెప్పిందో, అక్కకు మెసేజ్ పెట్టమని పక్కన కూర్చుని చెప్పిందే ఆమెనేమో, మీకు తెలియదు. సభలో అందరి ముందు ఆ మెసేజ్ గురించి ఆమె మొదటిసారి వింటే ఏమవుతుందో ఊహించండి. ఆరేళ్ల మీ మేనల్లుడు పదహారేళ్ల వాడయ్యాక ఆ పుస్తకం చేతిలోకి వస్తుంది. నాన్నతో అత్త ఎందుకు మాట్లాడలేదో అప్పుడు అందులోంచి తెలుసుకుంటాడు. ఇంట్లో ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ పుస్తకం వాడికి ఆస్తి అవుతుంది. లేకపోతే తగులుతుంది.

హుస్సేన్‌సాగర్ నిండినప్పుడు ఏం చేస్తారో మీకు తెలుసు. నీళ్లు వదిలే ముందు దోమలగూడ, అశోక్‌నగర్ నాలా పక్కన ఉండేవాళ్లకు చెబుతారు. నీళ్లు వదలడం తప్పు కాదు, వదలక తప్పదు కూడా. కిందనున్న ఇళ్లకు తెలియాలి, అంతే.

ఇప్పుడు మీ ముందు ఏమున్నాయో చూద్దాం. అన్నీ అచ్చు వేయొచ్చు. మంచి పుస్తకం అవుతుందనే నా నమ్మకం. కానీ మరదలు ముందుగా చదవకుండా వేస్తే, తమ్ముడితో జరిగినట్టే ఆమెతోనూ జరగొచ్చు, మళ్లీ 14 నెలలు, బహుశా అంతకంటే ఎక్కువ. గొడవ ఉన్న కవితలు తీసేసి మిగతావి వేయొచ్చు. సభ సాఫీగా జరుగుతుంది, స్నేహితులు సంతోషిస్తారు. మీకు మాత్రం ఇంటికొచ్చాక ఫ్రీజర్ బాక్సు దగ్గర నిలబడిన రోజులాగే ఉంటుందేమోనని నా భయం, చెప్పాల్సింది చెప్పకుండా అందరికీ నమస్కారాలు పెట్టిన రోజులాగా. సంవత్సరీకానికి ఒక్క కవితే చదివి, పుస్తకం మాట ఇంకో ఏడాదికి వాయిదా వేయొచ్చు. స్నేహితులు కొంచెం చిన్నబుచ్చుకుంటారు. పోగుచేసిన డబ్బు పిల్లాడి పేరున వేద్దామని మీరే అంటే వాళ్లు కాదనరు. లేదా అసలు అచ్చే వద్దనుకుని, మంచి దస్తూరీతో రెండు కాపీలు రాసి ఒకటి మరదలికి, ఒకటి మేనల్లుడికి ఇవ్వొచ్చు. పుస్తకాల కవరు మీద మీ పేరు పడదు. కానీ చదవాల్సిన ఇద్దరూ చదువుతారు.

నా మనసు వాయిదా వైపు మొగ్గుతోంది, దాచడం లేదు. కార్తీకానికి రెండు నెలలే ఉంది, అచ్చు, ఆహ్వానాలు, టెన్షన్ అన్నీ కలిసి మీరు మరదలితో కూర్చోవాల్సిన సమయాన్ని తినేస్తాయి. అయినా ఆమె చదివి "వెయ్యి వదినా, అన్నీ వెయ్యి" అంటే నా మాట పక్కన పెట్టండి. ఆమె వద్దంటే మాత్రం, ఇప్పటికి వద్దు. కవిత ఎక్కడికీ పోదు.

కృష్ణలో వదిలేయడం గురించి. అది తమ్ముడి నోట్‌బుక్కు. ముందు పేజీల్లో వాడి చేతిరాతలో సర్క్యూట్ల బొమ్మలున్నాయని మీరే రాశారు. అది మీకు కాదు, వాడి కొడుకుకు చెందుతుంది. ఇంగ్లిష్ కవి రోసెట్టి 1862లో భార్య పోయినప్పుడు తన కవితల రాతప్రతిని ఆమెతో పాటే శవపేటికలో పెట్టేశాడు. ఏడేళ్లకు సమాధి తవ్వించి దాన్ని తీయించుకున్నాడు. ఆ తర్వాత దాని బాధ కూడా మోశాడు. మీరు కృష్ణలో వేసింది తవ్వి తీసుకోవడానికి కూడా ఉండదు. మీ కవితలు వేరే నోట్‌బుక్కులోకి ఎత్తి రాసుకోండి. ఆ పాతది బీరువాలో ఉంచండి.

మీ అమ్మగారి గురించి ఉత్తరంలో తక్కువ రాశారు, కానీ నాకు ఎక్కువగా ఆమే కళ్లముందు ఆడుతున్నారు. నల్గొండ వైపు పల్లెలో పుట్టిన మనిషి, శోకం తీయడం తెలిసిన తరం. అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్లేమనుకుంటారోనని నోరు కట్టేసుకుని ఉంటారు. ఆమెకు మీ కవితలు చదివి వినిపించమని నేను చెప్పను. ఒకసారి ఆమెను ఊరికి తీసుకెళ్లండి. వాళ్ల అక్కచెల్లెళ్ల మధ్య, సొంత వాకిట్లో, రెండు రోజులు వదిలేయండి. పేరు ఎత్తాలో లేదో ఆమే చూసుకుంటారు. ఎత్తితే పక్కన కూర్చోండి. రాసుకోకండి, ఆ పూట వినండి చాలు.

ఊరి నుంచి వచ్చాక కంటి డాక్టరు దగ్గర కొత్త డేట్ తీసుకోండి. తమ్ముడు మిమ్మల్ని అడిగింది అదొక్కటే. ప్లాటు కాదు, క్షమాపణ కాదు. అమ్మ ఆపరేషన్‌కు రమ్మన్నాడు. ఆ రోజు మరదల్ని, పిల్లాణ్ని కూడా రమ్మనండి. అమ్మగారిని లోపలికి తీసుకెళ్లాక బయట కుర్చీల్లో మీరిద్దరూ ఎలాగూ చాలాసేపు కూర్చోవాలి. కవితల నోట్‌బుక్కు బ్యాగులో పెట్టుకెళ్లండి. ముందుగా మెసేజ్ గురించి నోటితో చెప్పండి. నోట్‌బుక్కు బయటికి తీయాలో, బ్యాగులోనే ఉంచాలో ఆమె మొహం చూస్తే మీకే తెలుస్తుంది.